తోక బరువు బండి

కల్వకుర్తి చౌరస్తాలో ఆగి ఉన్న ఆటో వెనక్కి వెళ్లి, ఆ చిన్న మూత ఎత్తించి చూడండి. లోపల నూనె పేరుకున్న ఒక్క సిలిండరు ఇంజన్, దాన్ని అంటుకునే గేర్ల పెట్టె, అక్కడి నుంచి కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి పోయే పొట్టి ఇరుసులు కనిపిస్తాయి. అంతే, బండి మొత్తానికి ఉన్న యంత్రం ఆ మూరెడు చోటులోనే సర్దుకుంది. దీన్ని తయారుచేసే బజాజ్ కంపెనీ దీనికి పెట్టిన పేరు ఆర్‌ఈ. రియర్ ఇంజన్ అన్న రెండు మాటల పొడి అక్షరాలవి. ఇంజన్ వెనక ఉండడమే దాని పేరు.

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పుట్టిన పోర్షే 911 కారుకూ ఇంజన్ సరిగ్గా అక్కడే ఉంటుంది. ధరలో, వేగంలో ఈ రెండింటికీ పోలికే లేదు. కానీ చెడ్డపేరులో మాత్రం పోలిక ఉంది. ఆటో మలుపులో పల్టీ కొడుతుందని మన దగ్గర అంటారు. 911 మలుపులో తోక తిప్పి, నడిపేవాణ్ణి వెనక్కి తిరిగిన ముఖంతో పొలంలో దించుతుందని యూరప్‌లో అంటారు. రెండు చోట్లా చెప్పే కారణం ఒకటే, బరువంతా వెనక ఉందని. ఆటోల్లో తిరుగుతూ పెరిగినవాణ్ణి, 911 కథను ఇష్టంగా చదువుతూ వచ్చినవాణ్ణి. నా లెక్కలో ఆ మాట 911 విషయంలో సగం నిజం. ఆటో విషయంలో పూర్తిగా తలకిందులు.

ముందు కారు సంగతి చూద్దాం. కల్వకుర్తి నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని డిండి, హాజీపూర్ దాటితే మన్ననూరు దగ్గర నల్లమల మొదలవుతుంది. అక్కడి చెంచుల చేతిలో బాణం చూడండి. ఇనుప ములికి ముందు, ఈకలు వెనక. బరువు ముందుంది, గాలిని పట్టుకునే భాగం వెనకుంది. అందుకే వింటి నుంచి కాస్త వంకరగా వెళ్లినా గాలిలోనే సర్దుకుని ములికి చూసిన దిక్కుకే పోతుంది. అదే బాణాన్ని ఈకలు ముందుకు పెట్టి వదిలితే నాలుగు బారలు పోకముందే గిర్రున తిరుగుతుంది. బరువు తనంతట తానే ముందుకు వచ్చేస్తుంది.

కారుకు ఈకలంటే టైర్ల పట్టు. ఇంజన్ ముందున్న కారు సరిగ్గా వదిలిన బాణం లాంటిది. 911ను తిరగేసి వదిలిన బాణం అనుకోండి. దాని బరువులో ఐదింట మూడు వంతులు వెనక చక్రాల మీదే ఉంటుంది. పైగా ఇంజన్ వెనక ఇరుసుకు కూడా అవతల, బంపరు వైపు వేలాడుతూ ఉంటుంది. అలాంటి బాణం నేరుగా పోవాలంటే వెనక ఈకల పట్టు చాలా ఎక్కువ ఉండాలి. 1964లో అమ్మకానికి వచ్చిన మొదటి 911లకు ముందూ వెనకా ఒకే కొలత టైర్లు, అవీ సన్ననివి. తిప్పలన్నీ అక్కడ మొదలయ్యాయి.

మలుపులో అసలు ఏం జరుగుతుందంటే, నడిపేవాడు కాస్త వేగంగా మలుపులోకి దిగుతాడు. సగంలో గుండె ఝల్లుమంటుంది. ఎవరైనా చేసే పనే చేస్తాడు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. ఆ క్షణాన బండి బరువు కొంత ముందుకు ఒరుగుతుంది, వెనక టైర్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. అదే సమయంలో ఇంజన్ వెనక చక్రాలను పట్టి ఆపుతుంది కాబట్టి ఉన్న పట్టులో కొంత దానికే ఖర్చవుతుంది. మిగిలిన పట్టు ఆ బరువైన తోకను మలుపులో నిలబెట్టలేదు. తోక బయటికి జారుతుంది. బరువు చివరన ఉంది కాబట్టి ఒకసారి ఊగడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. చేంతాడుకు కట్టిన బకెట్టు ఊగినట్టే. భయపడి చేసిన పనే ప్రమాదాన్ని తెచ్చింది. చెడ్డపేరుకు అసలు మూలం ఇదే.

మరి ఇంజన్ను వెనకే ఎందుకు పెట్టారు? ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నుంచి వచ్చిన వారసత్వమది. ఆయన కొడుకు ఫెర్రీ 1948లో కట్టిన మొదటి 356 కారులో ఇంజన్ నడుమన, వెనక ఇరుసుకు ముందు ఉండేది. వెనక సీట్లకు, సామానుకు చోటు కావాలని అమ్మకానికి చేసిన కార్లలో దాన్ని వెనక్కి జరిపారు. 911 దాని తర్వాతి తరం. గీసింది ఫెర్రీ కొడుకు ఫెర్డినాండ్ అలెగ్జాండర్. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దాని పేరు 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 130 గుర్రాల శక్తి, చల్లబరచడానికి గాలే.

లాభం లేకుండా ఎవరూ కష్టం పెట్టుకోరు. తోసే చక్రాల మీదే బరువు ఉంటే జారుడు నేల మీద పట్టు దొరుకుతుంది. ట్రాక్టరు పెద్ద చక్రాల మీద బరువు ఉంచేదీ అందుకే. మంచు నిండిన మాంటె కార్లో ర్యాలీని 911లు 1968, 1969, 1970లలో వరుసగా గెలిచాయి. మొదటిది విక్ ఎల్ఫర్డ్, తర్వాతి రెండూ బ్యోర్న్ వాల్డెగార్డ్. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. 911లో వెనక బరువుంది కాబట్టి నాలుగు చక్రాలూ పని పంచుకుంటాయి. ముందు తేలిక కావడంతో స్టీరింగ్ చేతికి చెప్పే కబురు కూడా స్పష్టంగా ఉంటుంది. దాన్ని మెచ్చుకునేవాళ్ల మాటలో అబద్ధం లేదు.

నాకు ఎక్కువ నచ్చేది ఆ తర్వాత ఇంజనీర్లు పడ్డ పాట్లు. మొదట వాళ్లు చేసిన చికిత్స చూస్తే మన రైతుకు వెంటనే అర్థమవుతుంది. ముందు బంపరు లోపల రెండు మూలల్లో 11 కిలోల చొప్పున పోత ఇనుప దిమ్మలు దాచారు. కల్వకుర్తిలో వేరుశనగ బస్తాల ట్రాలీ లాగే ట్రాక్టరు ముక్కు మీద వరుసగా బిగించి ఉండే ఇనుప పలకల పని కూడా అదే. గుంటక పైకి లేస్తే దాని మీద బండరాయి పెట్టడం కూడా ఈ తెలివే. వేగంగా పరుగెత్తాల్సిన కారులో ఇనుము మోయడం సిగ్గేనని వాళ్లకూ తెలుసు. అందుకే 1969 మోడల్లో ఇంజన్ను ఉన్నచోటే ఉంచి, వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. రెండు బ్యాటరీలను ముందు చక్రాల దగ్గర చెరొక మూలన పెట్టారు. ఇంజన్ పెట్టెను మెగ్నీషియం మిశ్రమంతో పోసి తోక బరువు తగ్గించారు. 1973లో వచ్చిన 911 రకం కరేరా ఆర్‌ఎస్‌లో వెనక చక్రాలు ముందువాటికన్నా వెడల్పయ్యాయి, అంటే బాణానికి ఈకలు పెరిగాయి. వెనక మూత మీద బాతు తోకలాంటి రెక్క వచ్చి గాలి ఆ తోకను నేలకు అదిమింది.

తర్వాత 1975లో టర్బో వచ్చి, సద్దుమణుగుతున్న చెడ్డపేరును మళ్లీ రాజేసింది. మూడు లీటర్లు, 260 గుర్రాల శక్తి. మలుపులో కాలు నొక్కితే మొదట ఏమీ జరగదు. టర్బో తిరగడం అందుకున్నాక శక్తి అంతా ఒక్క ఉదుటున వెనక చక్రాల మీద పడుతుంది. నడిపేవాడు బెదిరి కాలు తీస్తాడు, పాత కథ మొదలు. ఆ కారుకు భార్యలను వితంతువులను చేసే కారని పేరు పడింది. ఆ పేరు మోటే కానీ అన్యాయం కాదు.

కంపెనీకే విసుగు పుట్టింది. ముందు ఇంజన్ ఉన్న 928ను 1977లో తెచ్చి, 911ను మెల్లగా ఆపేద్దామనుకున్నారు. 1981లో అధిపతిగా వచ్చిన పీటర్ షుట్జ్, ఇంజనీరింగ్ పెద్ద హెల్ముత్ బాట్ గదిలో ఒక పటం చూశాడు. మిగతా కార్ల గీతలు ముందుకు పోతున్నాయి, 911 గీత ఆ ఏటితో ఆగిపోయింది. షుట్జ్ మార్కర్ పెన్ను తీసుకుని ఆ గీతను పటం అంచు దాటించి గోడ మీదికి పొడిగించాడు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

ఆ గీత పొడిగించాక అసలు వైద్యం జరిగింది. 1989 తరంలో నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే రకం, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకులు వచ్చాయి. 1993లో వెనక చక్రాలను పట్టుకునే అమరికనే కొత్తగా కట్టారు. కాలు తీసినప్పుడు చక్రం అటూ ఇటూ తిరగకుండా అది పట్టి ఉంచింది. 2011లో చక్రాల మధ్య దూరం మరో 100 మిల్లీమీటర్లు పెరిగి, వెనక ఇరుసు ఇంజన్ దగ్గరికి జరిగింది. తప్పును పెరికి పారేయకుండా, దానితోనే అరవై ఏళ్లు కాపురం చేసి దారికి తెచ్చుకున్నారు. ఇంజనీరింగ్‌లో ఇంత ఓపిక నేను ఇంకెక్కడా చూడలేదు.

కాబట్టి 911 చెడ్డపేరు 1989కి ముందున్న కార్లకు చాలావరకు న్యాయమైనదే, ముఖ్యంగా మొదటి అయిదేళ్లవాటికీ, టర్బోకూ. ఈ రోజు కారుకు అదే మాట అంటగడితే తాత చేసిన అప్పుకు మనవణ్ణి పట్టుకున్నట్టే. చెడ్డపేరు బండికన్నా ఎక్కువకాలం బతుకుతుంది. అమెరికాలో వెనక ఇంజన్ ఉన్న షెవర్లే కార్వెయిర్ మీద రాల్ఫ్ నేడర్ 1965లో పుస్తకంలో ధ్వజమెత్తాడు. 1972లో ప్రభుత్వ పరీక్షల్లో అది తన కాలపు ఇతర కార్లకన్నా ఘోరమేమీ కాదని తేలింది. అప్పటికే దాని తయారీ ఆగిపోయి మూడేళ్లయింది.

ఇక మన ఆటో. దాని మూలం ఇటలీలో ఉంది. విమానాల ఇంజనీరు కొరాడినో దాస్కానియో 1946లో పియాజియో కంపెనీకి వెస్పా స్కూటర్ చేశాడు, ఆ వెంటనే దాని వెనక రెండు చక్రాలు పెట్టి ఆపే అనే మూడు చక్రాల బండి చేశాడు. పియాజియో అనుమతితో బజాజ్ మన దేశంలో స్కూటర్లు, ఆటోలు తయారుచేసింది. ఇంజన్ వెనకున్న ఆటో 1977లో వచ్చింది.

నాకు పన్నెండేళ్లప్పుడు వెల్దండ నుంచి కల్వకుర్తికి వస్తున్న ఒక ఆటోలో ముందు సీటులో, డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. అటువైపు ఇంకొకాయన. ఆటో పెద్ద రోడ్డు మీంచి కుడికి తిరుగుతుండగా మేకపిల్ల అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. లోపలివైపు వెనక చక్రం మెల్లగా గాలిలోకి లేచింది. నేను దాన్ని చూస్తూనే ఉన్నాను, ఆటో ఎడమ పక్కకు, ముందుకు ఒరిగి, నిద్రలో పక్కకు దొర్లినట్టు పడుకుంది. మోచేయి దోక్కుపోయింది, ఎవరిదో శనగకాయల సంచి విప్పుకుని రోడ్డంతా కాయలు. వేగం సైకిలంత కూడా లేదు.

మా చిన్నాయన అప్పటికే ఆటో నడిపేవాడు. కట్టు కడుతూ చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "మూల తిరగకముందే స్లో చెయ్యాలె బిడ్డా. తిరిగేటప్పుడు బ్రేక్ కొట్టొద్దు. ముందట ముగ్గురు కూసుంటే అది నిలవది."

ఆయన మాటలో ఉన్న శాస్త్రం నాకు కాలేజీలో తెలిసింది. మూడు చక్రాలు నేలను తాకే చోట్లను గీతలతో కలిపితే త్రికోణం వస్తుంది. దాని మొన ముందు చక్రం. బండి గరిమనాభి ఈ త్రికోణంలో ఎక్కడుందన్నదే అంతా. మొన నుంచి వెనక ఇరుసు వరకు ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర గరిమనాభి ఉంటే, అక్కడ త్రికోణం వెడల్పు వెనక చక్రాల మధ్య దూరంలో మూడింట రెండు వంతులు. సగం దగ్గరికి వస్తే వెడల్పూ సగమే. ముందు సీటులో ఇద్దరు ఇరుక్కుంటే గరిమనాభి మొనవైపు జరుగుతుంది, నిలబడే చోటు సన్నబడుతుంది. పైగా తిరుగుతూ బ్రేకు వేస్తే బరువు ఇంకా ముందుకు ఒరిగి త్రికోణం అంచు దాటుతుంది. అంటే వెనక ఇంజన్ ఆటోను పడగొట్టదు, పడకుండా కాపాడుతుంది. 911లో తోకను విసిరే బరువే ఇక్కడ లంగరు.

నాలుగు చక్రాలకు వచ్చిన మన వెనక ఇంజన్ బండి టాటా నానో. 2008 జనవరిలో ఢిల్లీలో చూపించారు. 624 సీసీ, రెండు సిలిండర్లు. ముందు టైరు వెడల్పు 135 మిల్లీమీటర్లు, వెనకది 155. లక్ష రూపాయల కారులో ప్రతి పైసా లెక్కపెట్టిన కంపెనీ టైర్లు మాత్రం రెండు కొలతల్లో వేసింది. కరేరా ఆర్‌ఎస్ నేర్పిన ఈకల పాఠమే అది.

ఇప్పుడు కల్వకుర్తిలో కరెంటు ఆటోలు కూడా తిరుగుతున్నాయి. ఇంజన్ శబ్దం లేదు, మోటారు మాత్రం వెనక ఇరుసు దగ్గరే ఉంది. మొన్న చౌరస్తాలో ఒక ఆటో ఎక్కబోతే వెనక నిండిపోయింది. ముందు సీటులో కూర్చుంటానన్నాను. ఆ కుర్రాడు తల అడ్డంగా ఊపి, "వద్దన్నా, జడ్చర్ల రోడ్డుల మలుపులున్నయ్, ఇంకో ఆటో వస్తది" అని లివర్ తిప్పి వెళ్లిపోయాడు.