మడికి కేజీ వీల్స్, పందేనికి వెడల్పు టైర్లు: రెండూ రోడ్డుకు పనికిరావు

గచ్చిబౌలి: ట్రాక్టరుకు వెనుక చక్రాలు ఎందుకంత పెద్దవో, ముందు చక్రాలు ఎందుకంత చిన్నవో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంజను బలమంతా వెనుక ఇరుసుకే చేరుతుంది. చక్రం నేలను పట్టుకుంటే నాగలి కదులుతుంది. పట్టు తప్పితే ఉన్నచోటనే తిరిగి గుంత తవ్వుతుంది. అందుకే వెడల్పు టైర్లు వేస్తారు, బరువు కోసం టైర్లలో నీళ్లు నింపుతారు, మడిలో దిగేటప్పుడు కేజీ వీల్స్ బిగిస్తారు. పొలం పని కాగానే ఆ కేజీ వీల్స్ విప్పేస్తారు. వాటితోనే తారురోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది, అధికారులు జరిమానా వేస్తారు.

సరిగ్గా ఇదే సూత్రం కార్ల పందేల్లోనూ ఉంది. ఆ పందేన్ని డ్రాగ్ రేసు అంటారు. మలుపులు లేని తిన్నని దారిలో రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం వెలగగానే ఉన్నచోటి నుంచి దూకి పావు మైలు దూరాన్ని, అంటే 402 మీటర్లను, ముందుగా దాటినవాడిదే గెలుపు. అంతా కొద్ది సెకన్లలో ముగిసిపోతుంది. గెలుపోటములను చాలావరకు తేల్చేది బయలుదేరే క్షణంలో వెనుక చక్రాలు నేలను పట్టుకునే తీరే. ఆ పట్టు కోసం పాత కార్ల వెనుక భాగం కోసి వెడల్పు టైర్లు ఎక్కించే పద్ధతి అమెరికాలో పుట్టి దేశదేశాలకూ పాకింది.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గ్రామాల రూపమే మారిపోయింది. బండరాళ్లు, చెరువులు ఉన్నచోట అద్దాల మేడలు, ఆరు వరసల రోడ్లు వచ్చాయి. పగలు ఈ రోడ్లపై బండి కదలడం కష్టం. అర్ధరాత్రి దాటితే ఖాళీ. ఆ ఖాళీని చూసి పందేలకు, విన్యాసాలకు దిగుతున్న కుర్రకారును సైబరాబాద్ పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. బండ్లను స్వాధీనం చేసుకున్నారు.

చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం పల్లెలకు ఈ సంగతితో సంబంధమేమిటని అనిపించవచ్చు. సంబంధం ఉంది. పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు మన ఊళ్ల వాళ్లే. తాతల నాటి అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు కొట్టాల్లోనో, చింతచెట్ల కిందనో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ‘మామా, బండి ఊకెనే తుప్పు పడుతుంది గదా, నాకియ్యి’ అని మేనల్లుడు అడిగితే కాదనే మేనమామ అరుదు. ఇచ్చే ముందు అది దేనికి పోతోందో తెలుసుకోవడం మంచిది.

పట్టు ఎలా వస్తుంది?

అంబాసిడర్ కారుకు మామూలుగా ఉండే టైరు 5.90-15 సైజుది. అంటే టైరు వెడల్పు ఆరంగుళాలకు కాస్త తక్కువ, రిమ్ము పదిహేను అంగుళాలు. పందెపు కార్ల వెనుక చక్రాలకు పది, పన్నెండు అంగుళాల వెడల్పు టైర్లు మామూలు. వీటికి గాట్లు ఉండవు, పైభాగం నున్నగా ఉంటుంది. రబ్బరు మెత్తన. గాలి చాలా తక్కువ పెడతారు. బండి దూకినప్పుడు టైరు పక్కలు ముడతలు పడి, అడుగుభాగం నేలకు బాగా అతుక్కుంటుంది. పందేనికి ముందు చక్రాలను ఉన్నచోటనే గిరగిరా తిప్పి పొగలు రేపడం చూసేవారికి వేడుకే. కానీ దాని పని వేరు. అలా చేస్తే రబ్బరు వేడెక్కుతుంది, దుమ్ము పోతుంది, పట్టు పెరుగుతుంది.

బండి ముందుకు దూకగానే బరువు వెనక్కి వాలుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేవడమూ ఉంది. బరువైన మొద్దు లాగేటప్పుడు ట్రాక్టరు ముందు భాగం లేచి బోల్తా కొట్టిన సంఘటనలు రైతులకు తెలియనివి కావు. అది నివారించడానికే పందెపు కార్ల వెనుక పొడవాటి కమ్ములకు చిన్న చక్రాలు బిగిస్తారు.

మడ్‌గార్డు లోపల ఏం చేస్తారు?

ఆరంగుళాల టైరు తిరిగే చోట పన్నెండు అంగుళాల టైరు పట్టదు. బయటికి పొడుచుకు వస్తే బండి అందం పోతుంది, మడ్‌గార్డుకు రాసుకుంటుంది. కనుక లోపలికే చోటు చేస్తారు. ఈ పనికి రెండు మెట్లున్నాయి.

మొదటి మెట్టులో మడ్‌గార్డు లోపలి రేకును కోసి, డిక్కీ వైపు జరిపి, మధ్యలో కొత్త రేకు అతికిస్తారు. కమాన్ పట్టీలు అడ్డం వస్తాయి గనుక వాటిని ఛాసిస్ కమ్మీల లోపలి వైపుకు మారుస్తారు. చక్రం లోపలికి జరిగినప్పుడు ఇరుసు కూడా పొట్టిది కావాలి. హౌసింగ్‌ను రెండు కొసల్లోనూ కోసి తిరిగి అతుకుతారు. లోపలి యాక్సిల్ కడ్డీలను కురచ చేసి, పళ్లు కొత్తగా కోయిస్తారు. వెల్డింగ్ వేడికి హౌసింగ్ వంకరపోకుండా చూడటం ఇక్కడ అన్నిటికన్నా కష్టమైన పని. ఒక నూలు తేడా వచ్చినా బేరింగులు తినేస్తాయి. రెండు చక్రాలూ ఒక గీతలో లేకపోతే కారు పీతలా అడ్డంగా నడుస్తుంది.

రెండో మెట్టు ఇంకా పెద్దది. ముందు సీట్ల వెనుక నుంచి కారు అడుగుభాగం మొత్తం కోసి తీసేస్తారు. ఇరుకైన కొత్త కమ్మీలు అతుకుతారు. కమాన్ల స్థానంలో నాలుగు కడ్డీలు, స్ప్రింగులు వస్తాయి. పెట్రోలు ట్యాంకు చోటు మారుతుంది. గొట్టాలతో గట్టి పంజరం కట్టి డ్రైవరును అందులో కూర్చోబెడతారు. ప్రొపెల్లర్ షాఫ్టు విరిగితే నేలకు గుచ్చుకుని బండి పల్టీ కొట్టకుండా దాని కింద ఇనుప కొక్కెం పెడతారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. జీపుకు బండి నొగల్లాంటి విడి ఛాసిస్ ఉంటుంది, బాడీ దానిమీద కూర్చుంటుంది. అంబాసిడర్‌కు అలా ఉండదు. నేల, పక్కలు, పైకప్పు అన్నీ కలిపి అతికిన ఒకే పెట్టె అది. దాని వెనుక నేల కోయడమంటే ఇంటి గోడను కోసినట్టే. ఆ బలాన్ని తిరిగి కట్టగల లెక్క తెలియకుండా గ్యాస్ కటింగ్‌కు దిగితే తలుపులు మూసుకోవు, అద్దాలు పగులుతాయి. ఏదో ఒకనాడు గుంతలో పడినప్పుడు అతుకు విడిపోతుంది.

ఇంత చేసినా ఫలితం ఉంటుందా అన్నది మరో ప్రశ్న. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను బలం యాభై చిల్లర హార్స్ పవర్. ఊళ్లో దున్నే ట్రాక్టరుకూ దానికీ పెద్ద తేడా లేదు. ఆ బలానికి ఆరంగుళాల టైరే చాలు. పన్నెండు అంగుళాల టైరు వేస్తే బరువు పెరిగి బండి ఇంకా నెమ్మదిస్తుంది. కనుక టైరు తర్వాత ఇంజను, ఇంజను తర్వాత గేర్ బాక్సు, ఆపైన డిఫరెన్షియల్ మార్చవలసి వస్తుంది. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, టైరు వేయగానే పందెపు బండి కాదు. ఖర్చు మాత్రం ఆగదు.

ఆగడం తెలియని బండి

గాట్లు లేని ఈ టైర్లు తడి నేలపై ప్రమాదకరం. మామూలు టైరు గాట్లలోంచి వాన నీరు పక్కకు పోతుంది. నున్నటి టైరుకు ఆ దారి లేదు, నీటి పొరపై తేలిపోతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. ఆ బరువంతా ముందున్న సన్నని టైర్లే మోయాలి. వెనుక ఎంత వెడల్పు పెంచినా బండి ఆగే దూరం అందుకు తగ్గట్టు తగ్గదు.

పందెపు దారిలో నేలను ఊడ్చి, కడిగి, జిగురు పూస్తారు. నగర రోడ్డుకు ఆ సంరక్షణ ఉండదు. 2021 సెప్టెంబరు 10 రాత్రి దుర్గం చెరువు తీగల వంతెన దాటిన తర్వాత రోడ్డుపై పేరుకున్న ఇసుకలో బైకు జారి ఒక సినీ నటుడు తీవ్రంగా గాయపడ్డారు. 2019 నవంబరు 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ కూడలి వంతెన పైనుంచి ఒక కారు కిందికి పడింది. వంతెనపై వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు కాగా, కారు అంతకు రెండింతలకు మించిన వేగంతో వచ్చిందని పోలీసులు తేల్చారు. కింద రోడ్డు పక్కన నిలబడిన ఒక మహిళ ప్రాణం పోయింది. ఈ రెండూ పందేలు కావు, కోసి అతికిన బండ్లూ కావు. మామూలు బండ్లకే అలా జరిగితే, ఆగడానికి కాక దూకడానికే తయారైన బండి సంగతి ఊహించుకోవచ్చు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వాటికి భిన్నంగా బండిని యజమాని మార్చరాదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు రూ.5,000 చొప్పున జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డుపై పందెం వేస్తే 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ దొరికితే శిక్ష ఏడాది వరకు, జరిమానా రూ.10,000 వరకు పెరుగుతుంది.

మైనరు చేతికి బండి ఇస్తే ఇంకా కష్టం. అతను నేరం చేస్తే తండ్రి లేదా బండి యజమాని మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా ఎదుర్కోవాలి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. పేరు మార్పించకుండా నోటిమాట మీద బండి ఇచ్చిన వారికి ఇది హెచ్చరిక. కాగితం ఎవరి పేర ఉంటే నోటీసు వారి గడపకే వస్తుంది. మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం నిరాకరించే అవకాశమూ ఉంది.

యాభై ఏళ్లు నిండితే

పాత బండి అలాగే ఉంటే దానికి వేరే గౌరవం ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించవచ్చు. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము రూ.20,000, తిరిగి నమోదుకు రూ.5,000. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు తీసుకువెళ్లవచ్చు గాని రోజువారీ ప్రయాణానికి, కిరాయికి తిప్పరాదు. ఇందుకు ముఖ్యమైన షరతు ఒకటుంది. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అసలు రూపంలో ఉన్న పాతవి ఇక తరగడమే గాని పెరగడం ఉండదు. వెనుక నేల ఒకసారి కోస్తే, మళ్లీ ఎంత డబ్బు పెట్టినా ఆ అర్హత తిరిగి రావడం కష్టం.

అమెరికాలోనూ ఇదే కథ

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా కాలిఫోర్నియాలో కుర్రకారు పాత కార్లను విప్పి, బలమైన ఇంజన్లు పెట్టి వీధుల్లో పందేలు వేసేవారు. ప్రమాదాలు పెరిగి జనం మండిపడ్డారు. 1950లో శాంటా అనా విమానాశ్రయంలో తిన్నని దారిని పందేలకు ఇచ్చారు. 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన జాతీయ హాట్ రాడ్ సంఘాన్ని స్థాపించారు. పందేన్ని వీధి నుంచి తప్పించి, నిబంధనలున్న దారికి మళ్లించడమే దాని లక్ష్యం. పంజరం, బెల్టులు, షాఫ్టు కింద కొక్కెం వంటి జాగ్రత్తలు తప్పనిసరి అయ్యాయి. బండిని తనిఖీ చేయనిదే దారిపైకి రానివ్వరు.

మన దేశంలోనూ మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమాన దారిపై ఏళ్ల తరబడి పందేలు జరిగాయి. తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోటలో ప్రత్యేక దారి వచ్చింది. మోటారు పందేలకు లైసెన్సులు, అనుమతులు ఇచ్చే జాతీయ సమాఖ్య ఉంది. హైదరాబాదులోనే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. అందుకోసం 2.83 కిలోమీటర్ల మేర రోడ్లు మూసి, ఇరువైపులా అడ్డుగోడలు కట్టారు.

చేతిలో పని ఉన్నవారు మన దగ్గర కరువు కాదు. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో వంకాయ ఆకారపు కారు నుంచి రకరకాల వింత బండ్లున్నాయి. దాన్ని నెలకొల్పిన సుధాకర్ యాదవ్ 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు కట్టి 2005లో గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ పనితనానికి తగిన చోటు దొరికింది గనుకే పేరొచ్చింది.

పందెం మోజున్న పిల్లలను తిట్టి లాభం లేదు. వెల్డింగ్, లేతు, ఇంజను పని నేర్చుకోవాలనుకుంటే ప్రోత్సహించవచ్చు. పందెమే కావాలంటే లైసెన్సు తీసుకుని, తనిఖీ చేయించిన బండిని ట్రాలీపై పందెపు దారికి చేర్చాలి. పాత కారు ఇచ్చే ఇంటి పెద్దలు మాత్రం మూడు సంగతులు చూసుకోవాలి. ఆర్‌సీ పేరు మారిందా, బండి వయసెంత, కోసే ఉద్దేశం ఉందా. కేజీ వీల్స్ విప్పకుండా ట్రాక్టరును రోడ్డెక్కనివ్వని రైతుకు, ఈ మాట పిల్లలకు ఎలా చెప్పాలో తెలియకపోదు.