ఉబ్బిన డెక్‌కు మంటే మందు

ఉక్కు పడవ డెక్ తుప్పు పట్టి చిల్లు పడితే, ఆ చిల్లును పూడ్చడం సులువైన పనే. పాడైన భాగం కోసేసి, కొత్త ప్లేటు అమర్చి, చుట్టూ వెల్డింగ్ చేస్తారు. అసలు చిక్కు అది చల్లారాక మొదలవుతుంది. కొలబద్ద ఆనించి చూస్తే మాసిక మధ్యలో ఉబ్బి కనిపిస్తుంది. కాలు మోపితే టప్పుమని కిందికి దిగి, తీయగానే మళ్లీ పైకి లేస్తుంది.

రివెట్ల కాలంలో ఈ బాధ తక్కువ. ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో కామెల్ లెయిర్డ్ యార్డు 1920లో ‘ఫుల్లాగర్’ ఓడను పూర్తిగా వెల్డింగ్‌తో కట్టింది. సముద్రయానానికి అలా కట్టిన ఓడల్లో అదే మొదటిది. అతుకు బరువు తగ్గింది, నీరు కారడం తగ్గింది, కానీ ప్లేటు వంకర పోవడమనే కొత్త జబ్బు వెంట వచ్చింది.

కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది. మాసిక చుట్టూ వేసిన అతుకు అలా బిగుసుకుంటే, లోపలి ప్లేటు అంచులు మధ్యకు నొక్కుకుంటాయి. పోవడానికి చోటు లేని పలుచని ప్లేటు పైకో కిందికో వంగక తప్పదు. మీటరు పొడవున్న పట్టీ అంచులు కేవలం 1 మిల్లీమీటరు దగ్గరైతే చాలు, దాని నడుము సుమారు 20 మిల్లీమీటర్లు లేస్తుంది. ఈ లెక్క మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు. వంపు గణితం అంత నిర్దయగా ఉంటుంది.

ఉబ్బును చూడగానే చెయ్యి సుత్తి మీదికి పోతుంది. అదే పొరపాటు. ఉబ్బు అంటే అక్కడ చోటుకు మించి లోహం ఉందని అర్థం. సుత్తి దెబ్బ ప్లేటును పలుచన చేసి ఇంకా సాగదీస్తుంది, రోగం ముదురుతుంది. కావలసింది ప్లేటు కుంచించుకోవడం. ఆ పని చేయగలిగేది మంట.

ఎసిటిలీన్‌ను ఆక్సిజన్‌తో మండిస్తే 3,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాటెల్యే 1895లో గమనించాడు. కొన్నేళ్లకే ఫూషే, పికార్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు దాన్ని చేతిలో ఇమిడే టార్చ్‌గా మలిచారు. కోయడానికీ అతకడానికీ పుట్టిన ఆ పనిముట్టే తర్వాత వంకరలు తీసే వైద్యుడైంది.

పని తీరు ఇది. ఉబ్బు పైభాగంలో రూపాయి బిళ్లంత చోటును మసక ఎరుపు వచ్చేదాకా, అంటే 600 డిగ్రీల ప్రాంతానికి, చురుగ్గా వేడి చేస్తారు. ఆ చుక్క వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లని ప్లేటు కదలనివ్వదు. ఆ వేడికి ఉక్కు బలం సగానికి పైగా పోతుంది కాబట్టి, పక్కకు సాగలేని లోహం మందమవుతుంది. చల్లారేటప్పుడు మాత్రం కుంచించుకోవడానికి అడ్డేమీ ఉండదు. చుట్టుపక్కల ప్లేటును తనవైపు లాక్కుంటుంది. అలా ఒక్కో చుక్కతో కాస్త కాస్త మిగులు తగ్గుతుంది. ఒక చుక్క పూర్తిగా చల్లారి, కొలబద్దతో చూశాకే రెండోది పెట్టాలి. తొందరపడి చుక్కలన్నీ ఒక్కసారే పెడితే ప్లేటంతా వేడెక్కిపోతుంది. పట్టి ఉంచే చల్లని ఉక్కే లేనప్పుడు ఇక వైద్యం ఎక్కడిది? డెక్ కింద చెక్క పలకలూ పెయింటూ ఇంధనపు ట్యాంకూ ఉంటాయి గనుక, కింద నీళ్లతో ఒక మనిషి కాపలా ఉండి తీరాలి.

మందు కంటే ముందు జాగ్రత్త మేలు చేస్తుంది. నేను మరీ మరీ చెప్పదలచుకున్నది మాసిక మూలల గురించి. అవి గుండ్రంగా ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కట్టిన లిబర్టీ ఓడల్లో ఎన్నో పగుళ్లు హాచ్‌ల, అంటే డెక్ ద్వారాల, చదరపు మూలల దగ్గరే పుట్టాయి. మాసికను ముందు టాక్‌లు అనే చిన్న అతుకులతో నిలిపి, ఒక పక్క కొంచెం, దానికి ఎదురు పక్క కొంచెం, చిన్న చిన్న అంగలతో వెల్డ్ చేయాలి. అంచును ఒకే ఊపులో చుట్టేస్తే వేడి పోగుపడుతుంది. ప్లేటును ముందే కాస్త కిందికి వంచి పెట్టే పాతకాలపు చేయితిరిగినవాళ్లూ ఉన్నారు. కుంచింపు ఎటు లాగుతుందో వాళ్లకు ముందే తెలుసు.

అల్యూమినియం డెక్‌కు ఈ రంగు లెక్క పనికిరాదు. అది 660 డిగ్రీలకే కరుగుతుంది, కరిగేముందు ఎర్రబడదు. అక్కడ నిర్ణీత వేడికి కరిగే సుద్దతో గీత గీసి, దాన్ని చూస్తూ మంట పెట్టాలి. పెద్ద యార్డుల్లో ఇప్పుడు ఉక్కు డెక్‌లకు మంట బదులు ఇండక్షన్ కాయిల్ వాడుతున్నారు. అది ప్లేటులోనే విద్యుత్తు పుట్టించి, కావలసినంత మేరకే, కొద్ది సెకన్లలో వేడెక్కిస్తుంది.