ఆర్వీలో అరిజోనా చలికాలం: ఖర్చెంత, కరెంటెంత?

కెనడా మంచు నుంచి తప్పించుకోవడానికి ఏటా ఎంతోమంది ఆర్వీ వేసుకుని అమెరికాలోని అరిజోనాకి దిగిపోతారు. ఒంటారియో నుంచి ఈసారి మేమూ బయల్దేరుతున్నాం. నాన్నగారు రాత్రిళ్లు సీప్యాప్ మెషిన్ లేకుండా పడుకోలేరు. అందుకే మా బడ్జెట్‌లో కరెంటుదే మొదటి స్థానం.

చోటు: క్వార్ట్‌జైట్ దగ్గర లా పోసా ప్రభుత్వ స్థలంలో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు పర్మిట్ 180 డాలర్లు. నెలకి 26 కూడా పడదు. నీళ్లు దొరుకుతాయి, కరెంటు కనెక్షన్ ఉండదు.

కరెంటు: మా రోజువారీ అంచనా వాట్ అవర్లలో ఇదీ.
• సీప్యాప్ (హ్యుమిడిఫయర్ ఆపి): 250
• స్టార్‌లింక్ మినీ, 8 గంటలు: 240
• ఫ్రిజ్: 500
• ఫోన్లు, లైట్లు: 150

మొత్తం 1,140. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 ఉంటుంది. సరిపోయిందిలే అనుకోకండి, ఒక్కరోజు మబ్బు పడితే ఖాళీ. అందుకే రెండు తీసుకుంటున్నాం, 400 వాట్ల సోలార్‌తో. డిసెంబర్‌లో సూర్యుడు కిందగా ఉంటాడు కాబట్టి ప్యానెళ్లను దక్షిణం వైపు వంచి పెట్టాలి.

ఇన్సూరెన్స్: విదేశంలో ఎమర్జెన్సీగా హాస్పిటల్‌లో చేరితే ఒంటారియో ఆరోగ్య బీమా రోజుకి గరిష్ఠంగా 400 కెనడియన్ డాలర్లే ఇస్తుంది. అమెరికా బిల్లు ముందు అది ఏ మూలకీ రాదు. ట్రావెల్ పాలసీ తప్పనిసరి.

నా మాట: డబ్బు తగ్గించాలంటే ఇంటర్నెట్ గంటల్లో తగ్గించండి. రెండో బ్యాటరీ జోలికి, ఇన్సూరెన్స్ జోలికి మాత్రం వెళ్లకండి.