వర్ణముల శక్తి

చిత్రకళయందు రేఖ రూపమును జూపును. వర్ణము భావమును దెలుపును. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములయందు దేవతలకు నీలము, స్త్రీమూర్తులకు పసుపు, రాక్షసులకు ఎఱుపు ముఖ్యముగా వాడుదురు. అక్షరము నేర్వనివాడును ఆ తెర యెదుట నిలిచి, నీలవర్ణమును గన్నంతనే దేవుడెవ్వడో గ్రహింపగలడు. కావున వర్ణము కేవలము అలంకారము గాదు. చదువురానివారికి అదియే లిపి.

ఆ వర్ణములు పుట్టు విధము మిక్కిలి విచిత్రము. మొదట నూలుగుడ్డను కరక్కాయ రసమునందును గేదెపాలయందును తడిపి యెండబెట్టుదురు. పాలలోని క్రొవ్వు రంగు ప్రాకకుండ ఆపును. త్రుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో బహుదినములు ఊరవేసి తీసిన నీరు, గుడ్డలోని కరక్కాయ వగరుతో గలిసి నల్లనగును. దానితో వెదురుకలమున రేఖలు గీయుదురు. ఎఱుపు గావలసినచోట పటికనీరు పూయుదురు. అప్పటికి అచ్చట ఎఱుపు గానరాదు. పిమ్మట చిరివేరు మున్నగు వానితో గాచిన రంగునీట గుడ్డను ఉడికింపగా, పటిక పూసినచోటనే ఎఱుపు స్థిరపడును. తక్కినది ఉతుకున బోవును. నీలిమందు నీలము నిచ్చును.

ఉతికినను వెలయని యీ రంగుల శక్తిని ప్రపంచ మెఱుగును. మచిలీపట్టణము మొదలగు రేవులనుండి పోయిన అద్దకపుబట్టల ధాటికి తమ నేతగాండ్రు నిలువలేరని, ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700, 1721 సంవత్సరములలోను వానిని నిషేధించు శాసనములు చేసినవి. కూర్దూ యను జెస్యూటు మిషనరీ 1742లో కోరమాండలు తీరపు అద్దకపు పద్ధతిని దెలిసికొని ఫ్రాన్సునకు లేఖ వ్రాసెను. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు చిరివేరు, మంజిష్ఠలకు బదులగు కృత్రిమ ఎఱుపును గనుగొనిరి. 1897లో కృత్రిమ నీలి అంగడికి వచ్చెను. దానితో రంగుమొక్కల సాగు క్షీణించెను. అయినను శ్రీకాళహస్తి చిత్రకారులు ప్రాతవిద్యను విడువలేదు.

విద్యార్థులారా! ఈ విద్యకు మూలమైన వస్తువులు మనకు దూరమున లేవు. టేకులపల్లి చుట్టునున్న అడవులలో కరకచెట్టును మోదుగచెట్టును గలవు. ఫాల్గుణమున రాలిన మోదుగపూలను ఏరి, నీట గాచి, పటిక కలిపి, తెల్లని నూలుగుడ్డ ముంచి చూడుడు. చక్కని పసుపు వచ్చును. కొమ్మ విఱువ నక్కఱలేదు, రాలినపూలే చాలును. చెట్టు నిలిచినంతకాలమే ఆ వర్ణము మనకు నిలుచును.