కనుమ దాటే అణువులు

రెండు సేంద్రియ అణువులు చర్య జరుపుతున్నప్పుడు పాత బంధాలు సగం తెగి, కొత్తవి సగం ఏర్పడిన దశ ఒకటి ఉంటుంది. అదే సంక్రమణ స్థితి. ఫెమ్టోసెకన్లలో గడిచిపోయే ఆ దశను సీసాలో పట్టి ఉంచలేం. చర్య ఎంత వేగంగా సాగుతుందో, ఏ ఉత్పన్నం ఎక్కువగా వస్తుందో తేలేది మాత్రం అక్కడే. దాన్ని లెక్కగట్టి చూడగలగడం రసాయనశాస్త్రానికి దక్కిన గొప్ప వరమని నా నమ్మకం.

నాందేడ్ జిల్లా ముఖేడ్ వైపు బాలాఘాట్ కొండల్లో ఒక లోయ నుంచి మరో లోయకు పోవాలంటే కనుమ దాటాలి. అణువుల శక్తి పటమూ అలాంటిదే: లోయలు స్థిరమైన అణువులు, వాటి మధ్య కనుమ సంక్రమణ స్థితి. కనుమ ఎత్తు మోలుకు 1.4 కిలోకేలరీలు పెరిగితే చాలు, గది ఉష్ణోగ్రత వద్ద చర్య వేగం పదో వంతుకు పడిపోతుంది. అందుకే లెక్కలో చిన్న పొరపాటు కూడా పెద్దదే.

బ్యూటాడయీన్, ఇథిలీన్ కలిసి సైక్లోహెక్సీన్ అయ్యే డీల్స్-ఆల్డర్ చర్యనే తీసుకుందాం. పరమాణువుల అమరికను కొద్దికొద్దిగా మారుస్తూ, ప్రతి అమరికకూ ఎలక్ట్రాన్ల శక్తిని లెక్కిస్తారు. ఒక్క దిశలో గరిష్ఠంగా, మిగతా అన్ని దిశల్లో కనిష్ఠంగా ఉండే బిందువును వెతుకుతారు. అక్కడ కంపనాలు లెక్కిస్తే ఒకే ఒక కాల్పనిక పౌనఃపున్యం రావాలి. రెండు వస్తే అది మనకు కావలసిన కనుమ కాదు. ఎలక్ట్రాన్ సాంద్రత నుంచే శక్తిని రాబట్టే మార్గాన్ని వాల్టర్ కోన్ 1964–65లో సహచరులతో కలిసి చూపాడు. 1998లో జాన్ పోపుల్‌తో పాటు నోబెల్ అందుకున్నాడు.

ఈ విద్యకు హైదరాబాద్‌లో మంచి పునాది పడింది. సైద్ధాంతిక రసాయనవేత్త రోల్డ్ హాఫ్‌మన్ దగ్గర పనిచేసి వచ్చిన ఇ.డి. జెమ్మిస్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక రసాయనాన్ని పెంచారు. ఆయన శిష్యుడు జి. నరహరి శాస్త్రి తర్వాత భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఆ పని కొనసాగించి, 2011లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. అదే విశ్వవిద్యాలయంలో గోవర్ధన్ మెహతా, కీటోన్ అణువుకు ఏ వైపు నుంచి కారకం దాడి చేస్తుందో ప్రయోగాల్లో కొలిచారు. ఆ కొలతల పక్కన లెక్కలనూ పెట్టి చూశారు. లెక్కకు విలువ వచ్చేది అలాంటి పరీక్షకు నిలిచినప్పుడే.

ఖరీదైన ద్రావణులు, పరికరాలు అందని తాలూకా కేంద్రాల కళాశాలలకు ఈ లెక్కల విద్య నిజంగా తెరిచిన తలుపు. ఓర్కా వంటి సాఫ్ట్‌వేర్ విద్యాసంస్థలకు ఉచితం. ముఖేడ్ విద్యార్థి సాధారణ ల్యాప్‌టాప్ మీదే డీల్స్-ఆల్డర్ కనుమను వెతికి, వచ్చిన ఎత్తును ప్రయోగం చెప్పే మోలుకు సుమారు 27.5 కిలోకేలరీలతో పోల్చి చూసుకోవచ్చు.