లక్ష రూపాయల ఫోనా, 48 గంటల డెడ్‌లైనా? క్రియేటివ్ ఏజెన్సీ పెట్టాలనుకునే మన కుర్రాళ్ల కోసం

వారానికి రెండు మూడు మెసేజ్‌లైనా ఇలాంటివే వస్తాయి. “అన్నా, మేం ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి చిన్న క్రియేటివ్ ఏజెన్సీ పెడుతున్నాం. షార్ట్ ఫిల్మ్స్, రీల్స్, లోకల్ షాపులకు యాడ్స్ చేస్తాం. ఏ ఫోన్ కొనమంటావ్? బడ్జెట్ లక్షా ఇరవై.” నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, ఒంగోలు... ఊరు మారుతుంది కానీ ప్రశ్న మారదు.

మన ఏరియాలో ఆ లక్షా ఇరవై ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఖరారు చేసిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. ఆ లెక్కన ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ అంటే పది క్వింటాళ్ల మిర్చి. అంటే గుంటూరు యార్డుకు తోలిన ఇరవైకి పైగా టిక్కీలు. కోత కూలీ, పురుగుమందుల బాకీ, కమిషన్ ఇవేవీ తీయకుండానే!

ఫోన్ రివ్యూలు రాసి బతికే నేనే చెప్తున్నా, ఆ డబ్బు ముందుగా ఫోన్ మీద పెట్టకండి. ఎందుకంటే తెలుగులో ఇదే దారిలో పైకొచ్చిన చిన్న టీమ్‌లను చూస్తే, వాళ్లకు పని తెచ్చిపెట్టినవి వేరే ఉన్నాయి.

కాంటెస్ట్: రెండు రోజుల్లో సినిమా

తరుణ్ భాస్కర్ పేరు చెప్పగానే ‘పెళ్లిచూపులు’ గుర్తొస్తుంది. దానికి ముందు ఆయన స్నేహితులతో కలిసి ‘వినూత్న గీత మీడియా’ అనే చిన్న సంస్థ నడిపారు. ఆ రోజుల్లో తీసిన షార్ట్ ఫిల్మ్ ‘అనుకోకుండా’. 48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్ అనే పోటీ కోసం ఒక్క వీకెండ్‌లో తీశారు. ఉత్తమ చిత్రంగా గెలిచింది, రీతూ వర్మకు ఉత్తమ నటి అవార్డు వచ్చింది, 2014లో కేన్స్ దాకా వెళ్లింది.

2001లో అమెరికాలోని వాషింగ్టన్‌లో మొదలైన ఈ పోటీ రూల్స్ భలే ఉంటాయి. శుక్రవారం సాయంత్రం మీకు ఒక జానర్ వస్తుంది. దాంతో పాటు ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక డైలాగ్ ఇస్తారు. అవన్నీ సినిమాలో కనపడాలి. ఆదివారం సాయంత్రానికి ఫైల్ చేతికివ్వాలి. రాయడం, తీయడం, ఎడిటింగ్, మ్యూజిక్ అన్నీ ఆ రెండు రోజుల్లోనే అయిపోవాలి.

2016లో వచ్చిన ‘పెళ్లిచూపులు’లో హీరోయిన్ ఆ రీతూ వర్మే. ఆ సినిమాకు సంభాషణలతో పాటు ఉత్తమ తెలుగు చిత్రంగానూ జాతీయ అవార్డులొచ్చాయి. ప్రైజ్ సంగతి అటుంచండి, ఒక పోటీ పుణ్యమా అని ఎవరితో కలిసి పని చేయొచ్చో రెండు రోజుల్లో తేలిపోతుంది. ఫోన్‌తో తీసేవాళ్లకు కూడా దారి ఉంది. ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్ నడిపిన 50 గంటల ఛాలెంజ్‌లో మొబైల్ కేటగిరీ విడిగా ఉంటుంది.

సోషల్ మీడియా: తెనాలి పక్కనే ఉన్న ఉదాహరణ

హైదరాబాద్ వాళ్ల కథలు మనకెందుకు అంటారా? అయితే తెనాలి మండలం గుడివాడ వెళ్దాం (కృష్ణా జిల్లా గుడివాడ కాదు). 2016లో లక్ష్మణ్, శ్రీనాథ్ రెడ్డి అనే ఇద్దరు కుర్రాళ్లు ‘కంట్రీ ఫుడ్స్’ యూట్యూబ్ చానెల్ పెట్టారు. కెమెరా ముందు కూర్చుంది లక్ష్మణ్ వాళ్ల ముత్తవ్వ మస్తానమ్మ. నూరేళ్లు దాటిన మనిషి. పొలం గట్టున కట్టెల పొయ్యి, రోట్లో నూరిన మసాలా, అల్లం పొట్టు చాకుతో కాకుండా గోటితో తీయడం. అంతే సెటప్!

పుచ్చకాయ డొల్లలో వండిన చికెన్ వీడియో కోటి వ్యూస్ దాటింది. 2018 డిసెంబరులో ఆవిడ చనిపోయే నాటికి చానెల్‌కు 12 లక్షల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు. విదేశీ పత్రికలు కూడా ఆవిడ మీద నివాళి వ్యాసాలు రాశాయి. ఆ వీడియోలు మళ్లీ చూడండి, ఏ లెన్సుతో తీశారన్న ఆలోచనే మీకు రాదు. ఆ చేతులు, ఆ పొగ, ఆ మాట ఇంకెక్కడా దొరకవు కాబట్టి జనం చూశారు.

ఫిల్మ్: ప్రమోషన్ నుంచి ప్రొడక్షన్‌కి

మూడో ఉదాహరణ చాయ్ బిస్కెట్. అనురాగ్ రెడ్డి, శరత్ చంద్ర సినిమాల డిజిటల్ ప్రమోషన్లు చేస్తూ, ఆర్టికల్స్, యూట్యూబ్ షార్ట్స్‌తో యూత్‌లో పేరు తెచ్చుకున్నారు. విజయవాడ కుర్రాడు సుహాస్ జనానికి పరిచయమైంది ఆ వీడియోలతోనే. 2023 ఫిబ్రవరి 3న అదే సుహాస్ హీరోగా, లహరి ఫిల్మ్స్‌తో కలిసి ‘రైటర్ పద్మభూషణ్’ విడుదల చేశారు. సినిమాలో అమ్మ పాత్రే ఆయువుపట్టు కాబట్టి, విడుదలైన వారంలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లో కొన్ని థియేటర్లలో మహిళలకు ఉచిత షోలు వేశారు. కథలో ఉన్న విషయాన్నే ప్రచారంగా మార్చారు. ఏజెన్సీ బుర్ర అంటే అదీ!

మన కల్లంలో ఫోన్‌కు అసలు పరీక్ష

ఇక ఫోన్ సంగతికొద్దాం. మన పల్నాడు, ప్రకాశం సైడు షూట్ చేసేవాళ్లకు ఏ ల్యాబ్ టెస్టూ చెప్పని తలనొప్పులు మూడున్నాయి.

ఒకటి, ఎరుపు. కల్లంలో ఆరబోసిన మిర్చిని మధ్యాహ్నం ఎండలో తీయండి. చాలా ఫోన్లు రంగును ఇంకా పెంచేసి, కాయ మీద ముడతలు కూడా కనపడకుండా ఎర్రటి ముద్ద చేసేస్తాయి. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. తర్వాత వెలుతురు కొంచెం కిందికి లాగండి. పొద్దున్నే, లేదా సాయంత్రం నాలుగు దాటాక తీస్తే ఇంకా మేలు.

రెండు, తెలుపు. పత్తి చేలో దీనికి రివర్స్ జరుగుతుంది. పత్తికి ఎక్స్‌పోజర్ పెడితే కూలీల ముఖాలు నల్లబడతాయి, ముఖాలకు పెడితే పత్తి తెల్ల కాగితంలా తేలిపోతుంది. ముఖానికే పెట్టండి. ఎండ మీ వీపు వైపు కాకుండా పక్క నుంచి పడేలా నిలబడండి.

మూడు, సౌండ్. యార్డులో హమాలీల కేకలు, ట్రక్కులు, పైగా మిర్చి ఘాటుకు దగ్గులు. ఫోన్ మైక్‌తో అక్కడ ఇంటర్వ్యూ అసాధ్యం. రెండు మూడు వేలల్లో వచ్చే వైర్‌లెస్ కాలర్ మైక్, దానికి స్పాంజి తొడుగు చాలు. మిర్చి దుమ్ము ఫోన్ మైక్ రంధ్రాల్లో, స్పీకర్ జాలీలో చేరుతుంది. ఇంటికి రాగానే మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే దుమ్ము లోపలికే పోతుంది.

రీల్స్‌కు 1080పి చాలు. 4కేతో పోలిస్తే ఫైల్ సైజు దాదాపు మూడో వంతే ఉంటుంది, స్టోరేజ్ డబ్బులూ మిగులుతాయి. ఇవన్నీ ఇరవై, ఇరవై ఐదు వేల ఫోన్ చేయగలిగినవే.

క్లయింట్ “గివ్‌అవే పెట్టు తమ్ముడూ” అంటే?

లోకల్ షాపు ఓనర్ మొదటి ఐడియా ఇదే. లైక్ కొట్టు, షేర్ చెయ్యి, ముగ్గుర్ని ట్యాగ్ చెయ్యి, చీర గెలుచుకో! ఇక్కడ ఇరుక్కునేది మీరే. స్నేహితుల్ని ట్యాగ్ చేయడం, సొంత టైమ్‌లైన్‌లో షేర్ చేయడం ఎంట్రీగా పెట్టకూడదని ఫేస్‌బుక్ రూల్. యూట్యూబ్‌లో కాంటెస్ట్‌కు ఎంట్రీ ఉచితంగా ఉండాలి, రూల్స్ రాసి పెట్టాలి. బహుమతి ఎవరికొచ్చిందో చెప్పకుండా దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బు తీసుకుని చేసిన పోస్టుకు ప్రకటన అని లేబుల్ వేయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే చెప్పింది.

అసలు ఆ చీర కోసం వచ్చినవాళ్లు రిజల్ట్ రాగానే పోతారు. దానికి బదులు పని చేయించే పోటీ పెట్టమనండి. ఉదాహరణకు విత్తనాల షాపు అయితే, “మీ నాన్న సేద్యం గురించి 60 సెకన్ల వీడియో”. పది మంచి వీడియోలు వచ్చినా, తీసినవాళ్ల అనుమతితో షాపుకు ఆరు నెలల కంటెంట్, మీకు పది మంది కొత్త టాలెంట్ దొరికినట్టే.

చానెల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

2020 జూన్ 29న టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించారు. లక్షల ఫాలోయర్లున్న మన పల్లెటూరి కుర్రాళ్లు ఒక్క రాత్రిలో సున్నాకొచ్చారు. పది రోజులు తిరక్కుండానే రీల్స్ ఇండియాలో లాంచ్ అయింది, కానీ పాత ఫాలోయర్లు దాంతో పాటు రాలేదు. అందుకే ఒరిజినల్ ఫుటేజ్ రెండు చోట్ల దాచండి. ఒకే వీడియోను రెండు ప్లాట్‌ఫామ్‌లలో పెట్టండి. పార్ట్‌నర్‌తో వాటాలు, అకౌంట్ ఎవరి పేరున ఉంటుంది అన్నది మొదటి వీడియో కంటే ముందే కాగితం మీద రాసుకోండి.

మా వర్డిక్ట్

లక్షా ఇరవైలో పాతిక వేలకు ఫోన్, మూడు వేలకు మైక్, వెయ్యికి ట్రైపాడ్, ఏడెనిమిది వేలకు ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ. మొత్తం నలభై వేల లోపే. మిగతా ఎనభై వేలు బ్యాంకులో ఉంచండి. మొదటి ఆరు నెలలు పెట్రోలు, డేటా, నటించడానికి వచ్చినవాళ్ల భోజనాలు దాన్లోంచే. ఈలోగా రెండు పోటీలకు సినిమాలు పంపండి, మీ ఊళ్లో తప్ప ఇంకెక్కడా దొరకని మనిషి మీద పది వీడియోలు తీయండి.

ఆ తర్వాత కూడా “ఈ షాట్ మా ఫోన్‌లో రావట్లేదన్నా” అని ఫలానా షాట్ చూపించి అడిగితే, అప్పుడు ఫ్లాగ్‌షిప్‌ల లిస్ట్ నేనే పంపిస్తా. ఆ ఖర్చు క్లయింట్ ఇచ్చిన డబ్బుతో పెట్టండి. నాన్న టిక్కీలు అమ్మిన డబ్బుతో వద్దు.