చదరంగము క్రీడయా, కాలక్షేపమా?



మన యిండ్లలో మగపిల్లవాడు బంతియాటకు పోయి చెమటయోడ్చి వచ్చినచో “పాపము, ఆడి యలసినాడు” అని మజ్జిగ యిత్తుము. ఆడపిల్ల చదరంగపు బల్లముందు రెండుగంటలు కూర్చున్నచో “పనిపాటలు లేవా?” అని మందలింతుము. ఒడలు కదలనిది క్రీడ కాదను నభిప్రాయమే యీ భేదమునకు మూలము. అది యెంతవఱకు నిజమో కొంచెము విచారింతము.

ముందుగా నెదుటిపక్షమువారి మాట విందము. పరుగు, ఈత మొదలగువానిలో గెలుపు దేహబలమువలనను, దేహనైపుణ్యమువలనను గలుగును. చదరంగములో గుఱ్ఱమును మనము కదపినను, మనము చెప్పగా వేఱొకరు కదపినను ఎత్తు మాఱదు. కావున నిది బుద్ధికి సంబంధించిన విద్యయే గాని క్రీడ గాదని వారి వాదము. ఇంగ్లండులోని క్రీడాసంస్థ చీట్లపేకలోని బ్రిడ్జియాటను క్రీడగా గుర్తింపకపోవుట చట్టసమ్మతమేయని 2015లో లండను హైకోర్టు తీర్పు చెప్పినది. ఒలింపిక్ పతకపు పోటీలలోను చదరంగమునకు చోటు దొరకలేదు. ఈ వాదము త్రోసిపుచ్చదగినది కాదు.

అయినను పోటీకి కూర్చున్నవారి స్థితి చూడుడు. 1984లో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్ అను మేటియాటగాండ్రకు ప్రపంచవిజేత పదవికై పోటీ మొదలయ్యెను. అయిదుమాసములు గడచి, 48 ఆటలు జరిగినను గెలుపోటములు తేలలేదు. ఆటగాండ్ర యలసటను కారణముగా జూపి 1985 ఫిబ్రవరిలో పోటీని నడుమనే నిలిపివేసిరి. 2021లో దుబాయిలో కార్ల్‌సెన్, నెపోమ్నియాషి ఆడిన ఆఱవయాట 136 ఎత్తులు సాగి, ఏడున్నరగంటలకు మించి పట్టెను. ప్రక్కన గడియారము నడచుచుండగా నంతసేపు మనస్సు చెదరకుండ నిలుపుటకు నిద్ర, ఆహారనియమము, దేహదార్ఢ్యము లేక కుదురునా? ఒక్క తప్పుటెత్తు అంతటి శ్రమను బూడిదపాలు చేయును గదా!

పెద్దల నిర్ణయములును కలవు. మన ప్రభుత్వము 1961లోనే చదరంగపుటాటగాడు మాన్యుయల్ ఆరన్‌గారికి అర్జున పురస్కార మిచ్చినది. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 1999లో ప్రపంచ చదరంగసమాఖ్యను గుర్తించినది. 2006లో దోహాలో జరిగిన ఆసియా క్రీడలలో చదరంగమును చేర్చగా, మన గుడివాడలో జన్మించిన కోనేరు హంపి స్వర్ణపతకమును పొందెను.

ఈ హంపి తండ్రి అశోక్‌గారివద్ద ఆట నేర్చి, 2002లో పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరయ్యెను. 2017లో తల్లియై, కొంతకాలము విరమించి, మరల బల్లముందు కూర్చుండి, త్వరితగతి చదరంగమున 2019లో నొకసారియు, 2024లో మఱియొకసారియు స్త్రీలలో ప్రపంచవిజేత యయ్యెను. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక 2022లో చెన్నపట్టణమున జరిగిన చదరంగ ఒలింపియాడునందు నెలలు నిండిన గర్భవతియై యాడి, మన స్త్రీల జట్టు కాంస్యము గెలుచుటకు తోడ్పడెను. 2024లో బుడాపెస్టులో జట్టు స్వర్ణము గెలిచినప్పుడును ఆమె యందున్నది. 2025లో బటూమి నగరమున స్త్రీల ప్రపంచకప్పు తుదిపోటీలో 38 ఏండ్ల హంపిపై 19 ఏండ్ల దివ్యా దేశ్‌ముఖ్ గెలిచెను. తల్లియైన స్త్రీయు, చిన్నదియు సరిసమానముగా నెదురెదుట కూర్చుండదగిన క్రీడ లెన్ని కలవు?

పేరులో నేమున్నదని కొంద ఱనవచ్చును. ఉన్నది. క్రీడ యన్నచో పాఠశాలలో సెలవు దొరకును. తండ్రి ప్రయాణపు వ్యయమునకు వెనుదీయడు. ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారుల వాటాయు నక్కఱకు వచ్చును. కాలక్షేప మన్నచో నాడపిల్ల యాట పెండ్లినాటితోనే ముగియును.

చదరంగము వ్యాయామము కాదు. ఆ మాట యొప్పుకొనవలసినదే. బల్లముందు కూర్చుండు పిల్ల పూటకొకసారి పరుగెత్తవలెను, ఎగురవలెను. కాని నియమము, సాధన, ఓర్పు, ఎదిరితో న్యాయమైన పోటీ, ఓటమిని సహించు గుణము: క్రీడకు గావలసిన వివి యన్నియు దీనియందు కలవు. కావున నిది క్రీడయే. మీ యమ్మాయి బల్ల పఱచినప్పుడు గదమాయింపక ఎదుట కూర్చుండి యొక యాట యాడుడు. ఆట ముగిసిన పిదప ఆమెకును మజ్జిగ యిండు.